శ్రీశైలం అడవి నడకలో నీళ్లు: ఎంత తాగాలి, ఏవి తాగాలి?

ప్రశ్న: మాది కర్నూలు. నా వయసు 48. బీపీకి రోజూ ఉదయం టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను. మహాశివరాత్రికి మిత్రులతో కలిసి వెంకటాపురం నుంచి నల్లమల దారిలో శ్రీశైలానికి నడిచి వెళ్తుంటాను. పోయినసారి పండ్లు, పాలతో ఉపవాసం ఉన్నాను. ఎండకు భయపడి నీళ్లు మాత్రం చాలానే తాగాను. అయినా భీముని కొలను దాటి కైలాసద్వారం ఎక్కుతుండగా తలనొప్పి, వాంతులు వచ్చి పిక్కలు పట్టేశాయి. దారిలో మేమందరం వాగు నీళ్లు తాగాం. తిరిగొచ్చిన నెలకు మాలో ఒకరికి కామెర్లయ్యాయి. ఈసారి 14 ఏళ్ల మా అబ్బాయి కూడా వస్తానంటున్నాడు. ఎన్ని నీళ్లు తాగాలి? వాగు నీళ్లను ఎలా శుభ్రం చేసుకోవాలి?

జవాబు: మీ లేఖ చదివితే, పోయినసారి మీకు తక్కువైంది నీళ్లు కాదు, ఉప్పు అని అనుమానం కలుగుతోంది. ఆ రోజు రక్తపరీక్ష జరగలేదు కనుక ఖాయంగా చెప్పలేను. అయితే మీరు చెప్పిన లక్షణాలన్నీ రక్తంలో సోడియం (ఉప్పులోని ముఖ్య భాగం) పడిపోయినప్పుడు కనిపించేవే. చెమటలో నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. మీరు వేసుకుంటున్న మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ద్వారా సోడియాన్ని బయటికి పంపే మందు. పైగా ఉపవాసం కారణంగా అన్నం, పప్పు, పచ్చడి ద్వారా రోజూ అందే ఉప్పు ఆ రోజు అందలేదు. ఈ మూడింటికీ తోడు దాహం లేకపోయినా బలవంతంగా ఉత్త నీళ్లు తాగితే, ఉన్న కాస్త సోడియం ఇంకా పలచబడుతుంది. తలనొప్పి, వికారం, వాంతులతో మొదలై మాట తడబడటం, మగత, చివరికి మూర్ఛ వరకూ వెళ్లగల పరిస్థితి అది. దీన్ని వడదెబ్బ అనుకుని తోటివారు ఇంకా నీళ్లు తాగిస్తే ప్రమాదం పెరుగుతుంది. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో ఎండలో నడిచేవారిలో కూడా వైద్యులు ఇదే సమస్యను గుర్తించారు.

కాబట్టి ముందుగా చేయవలసింది, నడకకు కనీసం పది రోజుల ముందు మీ డాక్టరును కలిసి సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది) పరీక్షలు చేయించుకోవడం. ఆ మాత్రను యాత్ర రోజుల్లో మార్చాలా, అలాగే కొనసాగించాలా అన్నది ఆయనే నిర్ణయించాలి. మీ అంతట మీరు మానేయవద్దు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు దారి పొడవునా చేతులు మారుతుంటాయి. మీరు వాడే బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. వాటికి ఈ నొప్పి మాత్ర కూడా తోడై, ఒంట్లో నీరు తగ్గి ఉంటే, మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే అవకాశం ఉంది. నొప్పి మాత్ర తప్పనిసరైతే పారాసెటమాల్‌తో సరిపెట్టుకోండి. మీ బృందంలో మధుమేహానికి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారుంటే వారు కూడా ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. ఉపవాసంలో, వాంతులు అయినప్పుడు ఆ మందులు కొనసాగించడం మంచిది కాదు.

ఎన్ని నీళ్లు అన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే ఒకే అంకె లేదు. సమతలంలో, చెట్ల నీడన నడిచేటప్పుడు గంటకు దాదాపు అర లీటరు సరిపోతుంది. ఎండలో కైలాసద్వారం మెట్ల వంటి ఎక్కుడు ఉన్నచోట ముప్పావు లీటరు, ఒక్కోసారి లీటరు దాకా అవసరం కావచ్చు. ఎట్టి పరిస్థితుల్లోనూ గంటకు లీటరున్నర దాటకూడదు. ఒకేసారి సీసా ఎత్తి తాగేయకుండా పావుగంటకో, ఇరవై నిమిషాలకో కొన్ని గుక్కలు తాగండి. దాహమే మంచి కొలమానం. అయితే వయసు పైబడినవారిలో దాహం ఆలస్యంగా తెలుస్తుంది, పిల్లలు మాటల్లో పడి పట్టించుకోరు. ఈ ఇద్దరికీ మాత్రం మీరు గుర్తు చేయాలి. మీ అబ్బాయి మూత్రం లేత పసుపు రంగులో వస్తున్నదీ లేనిదీ అడుగుతుండండి. ముదురు రంగులో, కొద్దికొద్దిగా వస్తుంటే నీరు చాలడం లేదని అర్థం. దారిలో దేవస్థానం, అటవీ శాఖ, దాతలు ఏర్పాటు చేసే నీటి కేంద్రాలు ఉంటాయి గానీ, రెండు కేంద్రాల మధ్య దూరాన్ని మీ కాళ్ల వేగంతో లెక్కించుకోవాలి. మనిషికి రెండు నుంచి మూడు లీటర్లు భుజాన ఉండాలని నా సలహా.

ఉప్పు కోసం ఓఆర్‌ఎస్‌ను మించినది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణంలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు ఉంటాయి. పేగులు సోడియాన్ని గ్లూకోజుతో జత కలిపి పీల్చుకుంటాయి కనుకనే ఈ పాళ్లు తప్పకూడదు. లీటరు ప్యాకెట్టును అర లీటరు సీసాలో కలపడం, రుచి కోసం మరింత చక్కెర వేయడం మంచివి కావు. కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ఈ పాళ్లు ఉన్నాయో లేదో చూడండి. చక్కెర పానీయాలు ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముడవడంపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఆ తర్వాతే, 2025 అక్టోబరులో, ఈ సూత్రానికి సరిపోని పానీయాలకు ఆ పేరు వాడరాదని దేశంలో ఆహార ప్రమాణాలను నిర్ణయించే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఒక వైద్యుడిగా ఆమె పట్టుదలకు నేను కృతజ్ఞుడిని.

ఉత్త గ్లూకోజు పొడిలో సోడియం దాదాపు ఉండదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మీరు వాడే టెల్మిసార్టాన్ పొటాషియాన్ని ఒంట్లో నిలిపి ఉంచే మందు కనుక రోజుకు ఒక బోండాంతో ఆపండి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఎంతో మంచిది. ఉపవాసం మీ విశ్వాసానికి సంబంధించినది, దాన్ని గౌరవిస్తాను. కానీ ఈ మాత్ర వాడుతూ, ఎండలో కొండ ఎక్కుతూ, ఉప్పు ముట్టకుండా ఉండటాన్ని వైద్యుడిగా ఒప్పుకోలేను. ఓఆర్‌ఎస్‌లో ధాన్యం ఏదీ లేదు. నడిచే రోజు ఒక లీటరు ద్రావణాన్ని గుక్కలు గుక్కలుగా తాగుతూ వెళ్లి, శ్రీశైలం చేరాక, విశ్రాంతి తీసుకున్నాక ఉపవాసం మొదలుపెట్టండి. రెండు రోజుల నడకలో ఈ ఉప్పు సాధారణంగా బీపీకి ముప్పు కాదు. గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగాలి. మీ అబ్బాయి చేత ఉపవాసం చేయించవద్దు.

ఇక వాగు నీళ్ల సంగతి. పారే నీటికి దోషం లేదన్న నమ్మకం మనలో బలంగా ఉంది. తేటగా కనిపించే నీటిలోనూ పైన ఎక్కడో కలిసిన మనుషుల మలం, పశువుల, అడవి జంతువుల విసర్జనలు ఉండవచ్చు. వేలమంది నడిచే రోజుల్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మీ మిత్రుడి కామెర్లకు ఆ నీళ్లే కారణమని రుజువు చేయలేం. కానీ కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ వైరస్‌లు బయటపడటానికి కొన్ని వారాలు పడుతుంది కనుక నెల వ్యవధి సరిగ్గా సరిపోతోంది. గర్భిణులకు హెపటైటిస్-ఈ ప్రాణాంతకం కాగలదు.

నీళ్లు కళపెళ మరిగాక ఒక నిమిషం ఉంచితే చాలు. రెండు వేల మీటర్లు దాటిన హిమాలయ ప్రాంతాల్లో అయితే మూడు నిమిషాలు కావాలి. అయితే నల్లమల దారి పులుల అభయారణ్యం గుండా వెళ్తుంది, అక్కడ నిప్పు రాజేయకూడదు. అందువల్ల మీకు క్లోరిన్ మాత్రలే దిక్కు. మందుల షాపుల్లో దొరికే ఈ మాత్రల్లో లీటరుకు ఒకటి వేసేవీ, ఇరవై లీటర్లకు ఒకటి వేసేవీ ఉన్నాయి కనుక లేబుల్ చదవకుండా వేయవద్దు. ముందుగా నీటిని శుభ్రమైన పాత నూలు పంచెను నాలుగు మడతలు వేసి వడకట్టండి. నాలుగు మడతల పాత చీరతో నీళ్లు వడకట్టిన బంగ్లాదేశ్ పల్లెల్లో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో వెలువడిన అధ్యయనం చూపింది. బురద ఎక్కువగా ఉంటే క్లోరిన్ ఆ మట్టితోనే ఖర్చయిపోతుంది. పటిక, చిల్లగింజ నీటిని తేటపరుస్తాయి గానీ, క్రిములు పోయాయని వాటిని చూసి నమ్మకూడదు. మాత్ర వేసి, మూత బిగించి, బాగా కలిపి, మూతను కొద్దిగా వదులు చేసి సీసాను వంచండి. మందు కలిసిన నీరు మూత బిగించే మరచుట్ల మీదుగా కారి అక్కడి క్రిములను కూడా కడిగేస్తుంది. అరగంట ఆగి మూత తీస్తే లీలగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే మోతాదు చాలలేదని అర్థం. ఓఆర్‌ఎస్ పొడిని ఈ అరగంట తర్వాతే కలపండి.

క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియం వంటి పరాన్నజీవులు కూడా ఉన్నాయి. 0.1 లేదా 0.2 మైక్రాన్ రంధ్రాలున్న చిన్న ఫిల్టరు వాటిని ఆపుతుంది గానీ వైరస్‌లను ఆపలేదు. స్తోమత ఉంటే ఫిల్టరులో వడకట్టి, ఆపై మాత్ర వేయడం ఉత్తమం.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తెచ్చుకున్న నీళ్లు, మాత్రలు అయిపోయి, ఎండలో గొంతు ఎండిపోతుంటే వాగు నీళ్లు తాగండి. విరేచనాలకు ఊరు చేరాక వైద్యం ఉంది, వడదెబ్బ గంటల్లో ప్రాణం తీస్తుంది. ఎవరైనా ఎండలో తడబడి మాట్లాడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే నీడకు చేర్చి, ఏ నీళ్లయినా సరే ఒంటి మీద పోసి, విసురుతూ 108కు కబురు చేయండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు.

తిరిగొచ్చిన రెండు నెలల్లోపు జ్వరం, రక్తంతో విరేచనాలు, ఆకలి చచ్చిపోవడం, మూత్రం ముదురు పసుపుగా రావడం వంటివి మీలో ఎవరికి కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. ఆయన అడగకపోయినా, అడవిలో వాగు నీళ్లు తాగిన సంగతి, తాగిన తేదీ మీరే చెప్పండి.