కేబుల్ పీసీ నుంచి వైఫై ప్రింటర్‌కి ప్రింట్ వెళ్లట్లేదా?

కూకట్‌పల్లి ఫ్లాట్‌లో హాల్లో ఫైబర్ వాళ్లిచ్చిన రౌటర్, దానికి కేబుల్‌తో పీసీ, బెడ్‌రూమ్‌లో సిగ్నల్ అందక మీరు కొన్న రెండో రౌటర్, దాని వైఫైలో ప్రింటర్. రెండింట్లోనూ నెట్ వస్తోంది, ప్రింట్ మాత్రం పోవట్లేదు, అంతేగా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి లాభం లేదు, స్పీడ్ చూసి బాగుందని పెట్టేస్తారు.

ముందు ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబర్) చూడండి. పీసీది 192.168.1తో, ప్రింటర్‌ది 192.168.0తో మొదలైతే దొంగ దొరికినట్టే. రెండో రౌటర్ తన వెనక వేరే నెట్‌వర్క్ నడుపుతోంది, బయటి నుంచి పీసీ తలుపు కొట్టినా తీయదు.

రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వేరే నెట్‌వర్క్ నడపకుండా హాల్ రౌటర్ నెట్‌వర్క్‌నే వైఫైలో ఇవ్వడం) ఉంటే అది పెట్టేయండి, పని అయిపోతుంది. లేకపోతే దాని అడ్రస్ 192.168.1.2 లాంటిది (ఇంకెవరికీ ఇవ్వనిది) పెట్టి, డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, హాల్ నుంచి వచ్చే కేబుల్‌ని వ్యాన్ పోర్ట్ (WAN, బయటి నెట్ వచ్చేది) లోంచి తీసి ల్యాన్ పోర్ట్ (LAN, ఇంట్లో పరికరాలకి ఇచ్చేది) లో గుచ్చండి. చాలామంది ఈ చివరిది మర్చిపోతారు. తర్వాత ప్రింటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి, కొత్త అడ్రస్ తీసుకుంటుంది. పీసీలో పాత ప్రింటర్ తీసేసి మళ్లీ కలపాలి.

అడ్రస్‌లు ముందే ఒకే వరసలో ఉన్నాయా? అయితే ప్రింటర్ గెస్ట్ వైఫైలో (చుట్టాలకి ఇచ్చే విడి వైఫై, మామూలుగా ఇంట్లో మిగతా పరికరాలతో కలవనివ్వదు) ఉందేమో చూడండి.