పెద్ద ఖాతా ఇంట్లో, చిన్న ఖాతా జేబులో

ఈ వారం పాఠకుల ప్రశ్నలకు విశ్రాంత బ్యాంకు మేనేజరు జవాబులు

ప్రశ్న: మేనేజరు గారికి నమస్కారం. నేను రిటైరైన లెక్కల టీచర్ని. ఇన్నేళ్లూ ఇంట్లో కంప్యూటర్ మీదే నెట్ బ్యాంకింగ్ చేసుకుంటున్నాను. ఇప్పుడు బ్యాంకుకి వెళ్తే ప్రతి పనికీ ‘యాప్ వేసుకోండి సార్’ అంటున్నారు. కూరగాయల బండి అతను చిల్లర లేదు, స్కాన్ చేయమంటాడు. మా అబ్బాయేమో నవ్వుతాడు. పెద్ద తెర మీద, కళ్లద్దాలు పెట్టుకుని, అంకెలు రెండుసార్లు చూసుకుని నొక్కే అలవాటు నాది. జేబులోంచి జారిపడే వస్తువులో పెన్షనంతా పెట్టుకోవాలంటే టెన్షన్. మారక తప్పదా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మారండి మాస్టారూ, కానీ మొత్తం మారకండి. మీ అబ్బాయిని నవ్వనివ్వండి.

కంప్యూటర్ వాడుతున్నాను కాబట్టి ఫోన్ పోతే నాకేమీ కాదని మీరు అనుకుంటున్నట్టున్నారు. నెట్ బ్యాంకింగ్‌లో డబ్బు పంపేటప్పుడు ఓటీపీ ఎక్కడికొస్తోంది? ఆ ఫోన్‌కే కదా! తాళంచెవి ఎప్పుడో మీ జేబులోకి వచ్చేసింది.

అసలు తేడా వేరే చోట ఉంది. నెట్ బ్యాంకింగ్‌లో కొత్తవాళ్లకి డబ్బు పంపాలంటే ఖాతా నంబరు రెండుసార్లు కొట్టాలి, వాళ్ల బ్యాంకు శాఖని గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ వెతకాలి, డబ్బు అందుకునేవాళ్ల జాబితాలో, అంటే బెనిఫిషియరీగా, చేర్చాలి. చాలా బ్యాంకుల్లో ఆ తర్వాత కొన్ని గంటలు ఆగాలి. బ్రాంచిలో ఉన్న రోజుల్లో ఈ ఆగడం గురించి నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. కానీ ఎవడో మోసగాడు ఫోన్ చేసి హడావిడి పెట్టినప్పుడు మనిషిని కాపాడింది ఆ కొన్ని గంటలే. ఈలోగా ఇంట్లోవాళ్లతో ఒక మాట అంటే, వాళ్లకైనా అనుమానం వచ్చేది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చాక ఆ ఆగడం పోయింది. అవతలివాళ్ల ఫోన్ నంబరో క్యూఆర్ కోడో ఉంటే చాలు, పిన్ కొట్టగానే డబ్బు వాళ్ల ఖాతాలో పడుతుంది. మామూలుగా రోజుకి లక్ష రూపాయల దాకా పంపొచ్చు. 2023-24లో యూపీఐ లావాదేవీల సంఖ్య 13 వేల కోట్లు దాటిందంటే ఈ సులువు వల్లే.

మీ కూరగాయల బండి అతను బహుశా ఏనాడూ కంప్యూటర్ ముందు కూర్చుని ఉండడు. బ్యాంకు అతని చేతికి మొదటిసారి అందింది ఫోన్‌లోనే. అతనికున్నంత ఉత్సాహం మీకు లేకపోతే తప్పేం లేదు.

మీరు చేయాల్సింది ఇది. పెన్షన్ ఖాతా, డిపాజిట్లు ఇప్పుడున్నట్టే కంప్యూటర్ మీద ఉంచండి. ఇంకో బ్యాంకులో చిన్న సేవింగ్స్ ఖాతా తెరిచి, యూపీఐకి దాన్నొక్కదాన్నే కలపండి. కనీస నిల్వ ఎంత ఉండాలో తెరిచే ముందే అడగండి. నెల ఖర్చుకి సరిపడా డబ్బు మాత్రం అందులోకి పంపుకోండి. ఫోన్‌లో ఏ పొరపాటు జరిగినా పోయేది ఆ కాస్తే.

అయితే దీనికో మెలిక ఉంది. యూపీఐ మిమ్మల్ని గుర్తుపట్టేది ముఖ్యంగా సిమ్‌ని బట్టి. యాప్ నమోదు చేసేటప్పుడు మీ ఫోన్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతటదే వెళ్తుంది. ఆ నంబరు, బ్యాంకులో మీరిచ్చిన నంబరు ఒకటే అయి ఉండాలి. కొత్త పిన్ పెట్టుకోవడానికి ప్రధానంగా అడిగేవి డెబిట్ కార్డు అంకెలు, ఆ సిమ్‌కి వచ్చే ఓటీపీ. మనవాళ్లు ఆ కార్డుని ఎక్కడ పెడతారు? ఫోన్ కవరు వెనక! చూసినప్పుడల్లా నా గుండె గుభేలుమంటుంది. పెద్ద ఖాతా కార్డు, ఫోనూ ఒకేసారి దొంగ చేతిలో పడితే, వాడే ఆ ఖాతాని యూపీఐకి కలిపేసుకోగలడు. కార్డు ఇంట్లో బీరువాలో పెట్టండి. ఫోటో తీసి గ్యాలరీలో కూడా ఉంచకండి. వీలైతే సిమ్‌కి కూడా లాక్ పెట్టుకోండి. ముందు మీ టెలికాం కంపెనీ ఇచ్చిన అసలు పిన్ కనుక్కోండి, మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోతుంది.

ఫోన్ పోతే మొదట సిమ్ ఆపించండి, వెంటనే బ్యాంకుకి చెప్పండి. డబ్బు కూడా పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధన ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మీ మీద పడదు. పిన్నో ఓటీపీయో మీరే ఎవరికైనా చెప్పి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా మీదే. చెప్పాక పోయేది బ్యాంకుది. కాబట్టి సిగ్గుపడి, ఇంట్లో తెలిస్తే తిడతారని దాచిపెట్టి రోజులు గడపకండి.

ప్రశ్న: అమ్మది బటన్ ఫోన్. స్మార్ట్‌ఫోన్ ఇస్తే వద్దంటోంది. ఆమెకి దారి లేదా సార్?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ఉందమ్మా. బ్యాంకులో ఇచ్చిన నంబరు నుంచి *99# కొడితే మెనూ వస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. బ్యాలెన్స్ చూడొచ్చు, ఒకసారికి 5,000 రూపాయల దాకా పంపొచ్చు. మెనూ మధ్యలో తెగిపోతుంటుంది, కాస్త ఓపిక కావాలి. బటన్ ఫోన్ల కోసమే 2022 మార్చిలో, మామూలు ఫోన్ కాల్‌తోనూ డబ్బు పంపగలిగే యూపీఐ 123పే కూడా తెచ్చారు. మొదటిసారి మీరు పక్కన కూర్చుని చేయించండి. పిన్ మాత్రం ఆమెనే కొట్టనివ్వండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. ఇండియా సిమ్ రీచార్జ్ చేయక నంబరు పోయింది, ఓటీపీలు రావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ పాత నంబరుని ఖాతా నుంచి తీయించండి బాబూ. వాడకుండా వదిలేసిన నంబర్లని కంపెనీలు కొన్నాళ్లకి వేరేవాళ్లకి ఇచ్చేస్తాయి. విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి బ్యాంకుల్లో తెరిచే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకి అమెరికాతో సహా కొన్ని దేశాల నంబర్లతోనే యూపీఐ వాడుకోవడానికి 2023లో అనుమతి వచ్చింది. మీ బ్యాంకు ఆ సదుపాయం ఇస్తోందో లేదో అడగండి.

ప్రశ్న: మా చెల్లికి ఫోన్‌లో డబ్బు పంపాను. నా ఖాతాలో తగ్గింది, తనకి చేరలేదు. బ్యాంకులో ‘ఆగండి, వస్తుంది’ అంటున్నారు. ఎన్నాళ్లు ఆగాలి?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: మర్నాటి దాకా. మనిషి నుంచి మనిషికి వెళ్లే యూపీఐలో అవతల జమ కాకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. దుకాణానికి చెల్లించినదైతే ఐదు రోజులు గడువు. ఆ పైన ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది. లావాదేవీ నంబరు రాసిచ్చి, ఫిర్యాదుకి రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేయకండి.