కొనేముందు కళ్లు మూసుకుని విను

చిరంజీవి బాబుకు,

కొత్త డాక్ (డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కు పంపే శబ్ద సంకేతంగా మార్చే పెట్టె) కొంటున్నానని, దానికి జోడీగా వెండి తీగల కేబుల్ కూడా చూసి పెట్టుకున్నానని రాశావు. కాస్త ఆగు. డబ్బు నీది, ఇష్టం నీది. కానీ ఆ దారిలో నేను ముందే బోర్లా పడ్డాను.

ఒకప్పుడు నేనూ ఖరీదైన డాక్ ఒకటి తెచ్చాను. మొదటి రాత్రే పాట పెట్టి, మీ పెద్దమ్మను పిలిచి, "విన్నావా, తబలా మీద వేలు తగలడం కూడా ఎంత స్పష్టంగా తెలుస్తోందో!" అన్నాను. పాపం తనూ తలూపింది. మర్నాడు దుమ్ము తుడుస్తుంటే కనపడింది: యాంప్లిఫయర్ మీద ఇన్‌పుట్ మీట ఇంకా పాత ప్లేయర్ వైపే ఉంది. రాత్రంతా నేను మురిసిపోయింది పాత శబ్దానికే! ఆ సంగతి పెద్దమ్మతో చెప్పడానికి చాన్నాళ్లు పట్టింది. జేబు ఖాళీ అయ్యాక చెవి కూడా జేబు మాటే వింటుందిరా.

అందుకే పోల్చకుండా కొనకు. పాతదీ కొత్తదీ రెండిటి వాల్యూమ్ సమానం చెయ్యి, అదీ చెవి అంచనాతో కాదు, మీటర్‌తో. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా మనకు "పెద్దగా ఉంది" అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది. తర్వాత ఏది మోగుతోందో నీకు తెలియకుండా ఇంకొకరి చేత మార్పించు. 16 సార్లలో ఎనిమిదో తొమ్మిదో సరిగ్గా చెప్పావంటే అది బొమ్మా బొరుసే. పన్నెండు, ఆ పైన వస్తే నీకు నిజంగానే ఏదో వినపడుతోంది, కొనుక్కో.

2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇలాంటి పరీక్షే చేసి ప్రచురించారు. హై-రెజల్యూషన్, అంటే సీడీ కంటే ఎక్కువ వివరం నింపుకున్న రికార్డింగులను ఒకసారి నేరుగా, ఒకసారి మధ్యలో సీడీ స్థాయికి, అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కి దించి వినిపించారు. విన్నవాళ్లలో ఈ వృత్తిలో ఉన్నవాళ్లూ ఉన్నారు. 554 సార్లలో సరిగ్గా చెప్పింది 276, అంటే మళ్లీ బొమ్మా బొరుసే.

స్పీకర్ల సంగతి వేరు. వాటి మధ్య తేడా కళ్లకు గంతలు కట్టినా తెలిసిపోతుంది. పెట్టే డబ్బేదో అక్కడ పెట్టు. కేబుల్ అంటావా, దూరానికి తగ్గ మందం ఉన్న మామూలు రాగి తీగ చాలు.

ఎవరూ పట్టించుకోనిది గది. ఎదురెదురు గోడల మధ్య 3.4 మీటర్లుంటే, సుమారు 50 హెర్ట్జ్ దగ్గర బేస్ గోడల పక్కన హోరెత్తిపోతుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే మాయమైపోతుంది. దీన్ని ఏ డాకూ బాగుచెయ్యలేదు. కూర్చునే చోటు మూరెడు అటూ ఇటూ జరిపి చూడు, స్పీకర్లను గోడ నుంచి కాస్త ముందుకు లాగు. మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చింది సోఫా జరపడమే. నడుం నొప్పి తప్ప ఖర్చేమీ కాలేదు.

ఆ పెట్టె అందంగా ఉంది, ముచ్చటపడి కొంటున్నానంటే నేనేమీ అనను. ఈలోగా నీ గది కొలతలు, తలుపు ఏ వైపుందో రాసి పంపు. సోఫా ఎక్కడ వెయ్యాలో చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న