ఉబుంటు 22.04 ఉన్న ల్యాబ్‌కు పైథాన్ 3.13 ఎప్పుడొస్తది?

మహబూబ్‌నగర్‌లో మీ డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు 22.04 ఉందని, ఎన్నిసార్లు ఆప్ట్ (ఉబుంటు ప్యాకేజీలు దింపే పనిముట్టు) అప్‌గ్రేడ్ కొట్టినా పైథాన్ 3.10 దగ్గర్నే ఆగుతుందని, 3.13 వచ్చేదాకా ఆగాల్నా అని అడిగిన్రు. ఆగకండి. ఆ దారిలో అది ఎన్నటికీ రాదు.

ఎల్‌టీఎస్ (ఏండ్ల తరబడి సపోర్ట్ ఉండే ఉబుంటు వెర్షన్) విడుదలైనప్పుడు ఏ పైథాన్ ఉంటే చివరిదాకా అదే ఉంటది: 20.04కు 3.8, 22.04కు 3.10, 24.04కు 3.12. అప్‌గ్రేడ్‌లో వచ్చేవి భద్రతా సవరణలు, కొన్ని బగ్ ఫిక్స్‌లే. పైథాన్‌కు ఏటా అక్టోబర్‌లో కొత్త వెర్షన్ వస్తనే ఉంటది (3.13 వచ్చింది 2024 అక్టోబర్ 7న). కానీ ఉబుంటు సొంత పనిముట్లు 3.10 మీద నడుస్తయి కాబట్టి వాళ్లు దాన్ని కదిలించరు.

మీరు కూడా కదిలించొద్దు. నల్గొండ, మిర్యాలగూడ ల్యాబుల్లో మాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే: అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ (ఒక కమాండ్ పేరు ఏ వెర్షన్‌ను తెరవాలో మార్చే పనిముట్టు) వాడి పైథాన్3 పేరును 3.13కు తిప్పుడు. తెల్లారి టెర్మినల్ తెరుచుకోదు, 'ఆప్ట్_పీకేజీ మాడ్యూల్ లేదు' అని ఎర్రర్ వస్తది. ఎందుకంటే ఆ మాడ్యూల్ 3.10 కోసమే కంపైల్ అయి ఉంటది. ఇప్పటికే అట్ల అయి ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి లాగిన్ అయి, యూఎస్ఆర్/బిన్‌లోని పైథాన్3 లింకును ఎల్‌ఎన్ -ఎస్ఎఫ్‌తో మళ్లీ పైథాన్3.10కు కట్టండి.

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టాలె. సులువైన దారి డెడ్‌స్నేక్స్ పీపీఏ (ఉబుంటుకు బయటినుంచి చేర్చుకునే ప్యాకేజీల నిల్వ). దాన్ని చేర్చి మూడు ప్యాకేజీలు వేయండి: పైథాన్3.13, పైథాన్3.13-వెన్వ్, పైథాన్3.13-డెవ్. రెండోది మరిచిపోతే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టు లైబ్రరీలను వేరుగా ఉంచే ఫోల్డర్, పొట్టిగా వెన్వ్) తయారుకాదు. మూడోది లేకుంటే సీ కోడ్ ఉన్న లైబ్రరీలు 'పైథాన్.హెచ్ దొరకలేదు' అని ఆగిపోతయి. తర్వాత ప్రతి ప్రాజెక్టుకు పైథాన్3.13 -ఎం వెన్వ్‌తో కొత్త ఫోల్డర్ చేయండి. 3.10తో చేసిన పాత వెన్వ్‌ను కాపీ చేస్తే పనికిరాదు.

సోర్స్ నుంచి కట్టుకునేవాళ్లు ముందు లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్, జెడ్‌లిబ్1జీ-డెవ్, లిబ్‌ఎఫ్ఎఫ్ఐ-డెవ్, లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్ వేసుకోవాలె. మొదటిది లేకుంటే పైథాన్ కట్టుడైతది గాని ఎస్ఎస్ఎల్ ఉండదు, పిప్ (పైథాన్ లైబ్రరీలు దింపే పనిముట్టు) ఏదీ దింపలేకపోతది. ఆఖర్న మేక్ ఇన్‌స్టాల్ కాదు, మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్ కొట్టాలె, పైథాన్3 పేరు పాతదానికే ఉండేటట్టు.

నిజంగా ఎదురుచూడాల్సి వచ్చేది భాష కోసం కాదు, లైబ్రరీల కోసం. కొత్త వెర్షన్ వచ్చిన మొదటి నెలల్లో చాలావాటికి రెడీమేడ్ వీల్ ఫైల్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) ఉండదు. అప్పుడు పిప్ సోర్స్ తెచ్చి అక్కడే కంపైల్ చేయబోతది. తక్కువ ర్యామ్ ఉన్న ల్యాబ్ మెషీన్ దానికి తట్టుకోదు. అందుకే ముందు పరీక్షించండి: 3.13 వెన్వ్‌లో పిప్ డౌన్‌లోడ్‌కు --ఓన్లీ-బైనరీ=:ఆల్: తగిలించి, -డీ తర్వాత ఒక ఫోల్డర్ పేరిచ్చి, -ఆర్ తర్వాత మీ రిక్వైర్‌మెంట్స్ ఫైల్ (కావాల్సిన లైబ్రరీల జాబితా) ఇవ్వండి. ఏ లైబ్రరీ దగ్గర 'మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ దొరకలేదు' అంటదో, దాని కోసమే ఆగాలె. అన్నీ దిగినయంటే ఆ ఫోల్డర్‌నే పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, మిగతా మెషీన్లల్ల --నో-ఇండెక్స్, --ఫైండ్-లింక్స్‌తో ఇన్‌స్టాల్ చేయండి. పల్లె కాలేజీల నెట్‌తో ఒక్కో మెషీన్‌లో దింపుకుంట కూచుంటే పొద్దుగూకుతది.

పాత కోడ్ కూడా ఒకసారి చూసుకోండి. డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్ 3.12లోనే పోయింది, సీజీఐ, టెల్నెట్‌లిబ్, క్రిప్ట్ మాడ్యూళ్లను 3.13లో తీసేసిన్రు. పాత రికార్డుల్లోని వెబ్ ప్రోగ్రాములు సీజీఐ దగ్గరనే ఆగిపోతయి.

మొదటి ఏడాది పిల్లలకైతే 3.10 చాలు, మ్యాచ్-కేస్ అందులోనే ఉంది. 3.13 ప్రాజెక్టు చేసేవాళ్లకు ఇవ్వండి. ప్రాక్టికల్స్ దగ్గరపడ్డప్పుడు మాత్రం ఏ మెషీన్‌నూ ముట్టుకోవద్దు. మొత్తం 24.04కు మార్చే పని ఎండాకాలం సెలవుల్లో పెట్టుకోండి.