ధర మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎలక్ట్రానిక్ వస్తువుల ధరల బాధ్యత నీ చేతికి వచ్చీ రాగానే అమ్మకాలు పడిపోయాయని, వెంటనే ధర తగ్గించమని పైవాళ్లు తొందరపెడుతున్నారని రాశావు. అసలు పడిపోయింది ఏమిటో ముందు తేల్చుకో. కంపెనీ నుంచి డీలర్లకు వెళ్లే సరుకు వేరు, డీలర్ల నుంచి కొనేవారి చేతికి చేరే సరుకు వేరు. కొరత రోజుల్లో అవసరానికి మించి ఆర్డర్లు పెట్టిన డీలరు, గిరాకీ కాస్త నెమ్మదించగానే గోదాములో ఉన్నది ఖాళీ అయ్యేదాకా కొత్త ఆర్డరు పెట్టడు గనుక, దుకాణంలో స్వల్పంగా తగ్గిన అమ్మకం నీ లెక్కల్లో పెద్ద పతనంగా కనిపిస్తుంది.

2020, 2021లలో ఇంటి నుంచే పని, చదువు సాగించిన చాలామంది, తరువాతెప్పుడో కొనవలసిన ల్యాప్‌టాప్‌లను ముందే కొనేశారు. నిరుడు కొన్నవాడు ఎంత రాయితీ ఇచ్చినా ఈ ఏడు రెండోది కొనడు. తరువాత వచ్చిన మాంద్యంలో ల్యాప్‌టాప్‌లలో వాడే మెమరీ చిప్‌ల ధరలు కుప్పకూలాయి. ఎవరు చేసినా ఒకటే అనిపించే సరుకు కావడంతో, 2023 ఏప్రిల్‌లో శాంసంగ్ అంతటి సంస్థ కూడా వాటి ఉత్పత్తి తగ్గిస్తామని ప్రకటించవలసి వచ్చింది. గిరాకీ తగ్గి అమ్మకాల సంఖ్య పడిపోయినా ధర నిలబడగలగడమే నా దృష్టిలో బ్రాండు బలం. దాన్ని తొందరపాటుతో ఖర్చు చేసుకోవద్దు.

తగ్గించక తప్పనినాడు ఒక్కసారే, గట్టిగా తగ్గించు. ముందు కొన్నవారిని మాత్రం మరచిపోకు. 2007లో ఆపిల్ 599 డాలర్ల ఐఫోన్‌ను రెండు నెలలు దాటగానే 399కి దించితే, పాత కొనుగోలుదారుల ఆగ్రహం చూసి తన దుకాణాల్లో వాడుకునే 100 డాలర్ల క్రెడిట్ ఇవ్వవలసి వచ్చింది. 2011లో నింటెండో 3డీఎస్ అనే తన చేతి గేమ్ పరికరాన్ని అమెరికాలో దాదాపు 250 డాలర్ల నుంచి 170కి దించినప్పుడు, ముందే కొన్నవారికి ఇరవై గేములు ఉచితంగా ఇస్తామని ఆ ప్రకటనతోపాటే చెప్పింది. ఈ రెండో పద్ధతే నాకు నచ్చుతుంది. 2015లో గోప్రో తన చిన్న కెమెరాను 399 డాలర్లతో విడుదల చేసి, అదే ఏడాది 299కి, ఆపై 199కి తగ్గించింది. అలా మెట్లు మెట్లుగా దిగితే, ఇంకొన్నాళ్లు ఆగితే ఇంకా చౌకగా వస్తుందని కొనేవారికి మనమే నేర్పినవాళ్లమవుతాం.

గిరాకీ ఎగసినప్పుడూ అంతే. కొరతను చూసి ధర పెంచితే, సరుకు సమృద్ధిగా వచ్చాక దించక తప్పదు, అప్పుడు చెప్పుకోవడానికి కారణం ఉండదు.

మీ డీలర్ల దగ్గరున్న నిల్వ ఎన్ని వారాల అమ్మకానికి సరిపోతుందో, మోడల్‌వారీగా లెక్క తీయించి పంపు. తగ్గించాలా వద్దా అన్నది అది చూశాక మాట్లాడుకుందాం.