ముందు మెడ, తర్వాతే మౌస్

చిరంజీవి మేనకోడలికి,

చిత్తూరు నుంచి మీ అత్త ఆశీస్సులు. హైటెన్షన్ తీగ తగిలి రెండు చేతులూ పోగొట్టుకున్న అబ్బాయికి తిరుపతిలో వాళ్ల ఇంటికే వెళ్లి కంప్యూటర్ నేర్పబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీలోనే ఉద్యోగ జీవితమంతా గడిపిన నాకు ఆ మాట ఎంత గర్వాన్నిచ్చిందో అంత దిగులూ పెట్టింది.

మాటతో నడిపే పద్ధతి నీకు తెలిసిందే. విండోస్ 11లో ఉన్న వాయిస్ యాక్సెస్‌కు తెలుగు రాదు, ఆజ్ఞలు ఇంగ్లీషులో చెప్పాలి. తెలుగులో రాసుకోవడానికి గూగుల్ డాక్స్‌లోని వాయిస్ టైపింగ్ ఉంది. లాగిన్‌కు ముందే వాయిస్ యాక్సెస్ మొదలయ్యేలా సెట్టింగ్ పెట్టు, లేకపోతే పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోతాడు. తలకు తగిలించుకునే మైకు మాత్రం కొనవద్దు, దాన్ని తగిలించడానికి మళ్లీ ఇంకొకరి చేతులు కావాలి.

నా భయమంతా మెడ గురించే. పూర్వం ఒక పునరావాస కేంద్రంలో ఇలాంటి యువకుడికే బోస్టన్ కాలేజీ వారు ఉచితంగా ఇచ్చే కెమెరా మౌస్ అనే సాఫ్ట్‌వేర్ అమర్చారు. వెబ్‌క్యామ్ ముక్కు కొనను గుర్తుపట్టి తల కదిలిన వైపు తెర మీది బాణాన్ని నడుపుతుంది, ఒకచోట కాసేపు నిలిపితే క్లిక్ చేస్తుంది. బాణం వణుకుతోందని అక్కడివారు వేగం బాగా తగ్గించేశారు. దాంతో తెర మూలకు చేరాలంటే ఆ అబ్బాయి గడ్డం భుజాన్ని తాకేంత తిరగవలసి వచ్చేది. నిలిపే సమయమూ మరీ తక్కువ పెట్టినందువల్ల, చదువుకోవడానికి ఆగినా ఏదో ఒకటి తెరుచుకునేది. ఆ భయంతో అతను తలను క్షణం కుదురుగా ఉంచేవాడు కాదు. తన పేరు తాను టైపు చేసుకున్న రోజున ఇంటిల్లిపాదీ సంతోషంతో ఏడ్చి, ఆ ఉత్సాహంలో గంటల తరబడి కూర్చోబెట్టారు. మెడ పట్టేసిందని అతను చెబితే అలవాటు లేక అని కొట్టిపారేశారు. చేతులు లేని మనిషికి పళ్లెం వైపు వంగాలన్నా, పక్క మీద నుంచి లేవాలన్నా, నోటితో పుస్తకం పేజీ తిప్పాలన్నా మెడే ఆధారం కదా! ఆ నొప్పితో అంతకు ముందు సొంతంగా చేసుకునే పనులు కూడా పోయాయి. అతను మళ్లీ కంప్యూటర్ ముందుకు రాలేదు.

వారంలో అతని చేత ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిస్తానన్నావట. ఎవరి కోసమమ్మా ఆ తొందర? ముందు తిరుపతిలోనే ఉన్న ఎముకల వైద్యం చేసే బర్డ్ ఆసుపత్రిలో మెడ చూపించండి. తెర పై అంచును అతని కంటి ఎత్తుకు తెచ్చి, కెమెరా మౌస్ పెడితే కొద్దిపాటి కదలికకే బాణం తెరంతా తిరిగేలా వేగం పెంచు. క్లిక్ సమయాన్ని అతను చెప్పినంత పెట్టు. పెద్ద పనులు మాటకు అప్పగించి, తలను అవసరమైన చోటే వాడనివ్వు. "వాయిస్ యాక్సెస్ స్లీప్" అని చెప్పి దాన్ని తానే ఆపుకోవడం మొదటి రోజే నేర్పు. తనకు తానుగా ఆపుకోలేనిదాన్ని అతను నమ్మడు.

నీకు ఓపిక ఎక్కువని నాకు తెలుసు తల్లీ, చిన్నప్పుడు మా అమ్మకు అన్నం తినిపించినప్పుడే చూశాను. అతనికి నొప్పి మొదలైతే ఎంత రాత్రయినా నాకు ఫోను చెయ్యి. కుర్చీ ఎత్తు, తెర దూరం కొలిచి ఉంచు, మొదట అవే అడుగుతాను.

మీ అత్త