మాగ్నస్ కార్ల్‌సనా, మాఙ్నుస్ కాళ్సనా?

సందేహం: అయ్యా, నేను తిరుపతిలో పిల్లలకు చెస్ నేర్పుతుంటాను. సెలవుల్లో చిన్న చిన్న టోర్నమెంట్లు పెడుతుంటాం. మైకులో పెద్ద ఆటగాళ్ల పేర్లు చెప్పాలంటే నాకు టెన్షనే. యూట్యూబులో ఆటలు చూసే పిల్లలు "అలా కాదు సార్" అని అక్కడే దిద్దేస్తున్నారు. నార్వే కార్ల్‌సన్, రష్యా నెపోమ్నియాచి, చైనా డింగ్ లిరెన్ లాంటి పేర్లు అసలెలా పలకాలి? తెలుగులో ఎలా రాయాలి? మన గుకేశ్ పేరే ఒక పేపర్లో గుకేశ్, ఇంకో పేపర్లో గుకేష్. ఏది ఒప్పు?
– ఒక చెస్ శిక్షకుడు, తిరుపతి

సమాధానం: చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. గుకేశ్ అనే రాయండి. రమేశ్, సురేశ్, గణేశ్ వరసలో వచ్చిన పేరది. చివర వినిపించేది 'ఈశ' శబ్దం కాబట్టి ఉండాల్సింది శకారమే. ఈ రెండు అక్షరాల తేడా మనలో చాలామంది నోట ఎప్పుడో చెరిగిపోయింది కనుక మైకులో మిమ్మల్ని ఎవరూ పట్టుకోలేరు. రాతలో పట్టుకుంటారు.

'డి. గుకేశ్' అనడం కూడా నాకు నచ్చదు. ఆ 'డి' ఇంగ్లీషువాళ్లది. ఇంటిపేరు దొమ్మరాజు. పొడి అక్షరం వేయాలంటే 'దొ. గుకేశ్' అని వేయాలి. పుట్టింది చెన్నైలో అయినా తెలుగింటి పిల్లవాడు. పూర్వీకులది సత్యవేడు ప్రాంతమని 2024లో ప్రపంచ చాంపియన్ అయినప్పుడు వార్తల్లోనూ వచ్చింది. అలాంటి ఇంటిపేరును మనమే 'డొమ్మరాజు' చేసుకుంటే ఇక నార్వే పేర్ల గురించి మాట్లాడి ఏం లాభం?

ప్రజ్ఞానంద సంగతీ ఇలాంటిదే. ఇంగ్లీషులో ఆ పేరు చివర డీహెచ్ కనిపిస్తుంది కదా అని కొందరు 'ప్రజ్ఞానంధా' అంటున్నారు. మీది తిరుపతి కాబట్టి మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. తమిళనాడు పద్ధతిలో త, ద లకు టీహెచ్, డీహెచ్ వేస్తారు, ఒంటి టీ, డీ లను ట, డ లకు ఉంచుకుంటారు. మీ ఊరి పేరునే చాలామంది చివర్లో టీహెచ్ పెట్టి రాస్తారు. అంతమాత్రాన 'తిరుపథి' అన్నవాళ్లను చూశారా? ఇదీ అంతే. ప్రజ్ఞ, ఆనంద. ఒత్తు లేని ద. హిందీ వ్యాఖ్యానం విని 'ప్రగ్యానంద్' అనాల్సిన పనీ లేదు, జ్ఞకారానికి మన పలుకు మనకుంది.

ఇక పరాయి పేర్లు. తప్పులు ఎక్కువగా వచ్చేది మధ్యలో ఇంగ్లీషు స్పెల్లింగు దళారీలా కూర్చోవడం వల్ల. అసలు భాషలో ఉన్న ధ్వనికి తెలుగులో అచ్చమైన అక్షరం ఉన్నా, ఇంగ్లీషు మీదుగా వచ్చేసరికి అది మనకు దక్కదు. ఇందుకు కార్ల్‌సన్‌ను మించిన ఉదాహరణ లేదు. నార్వే భాషలో 'గ్న' అని రాసి ఉన్నచోట గకారం ముక్కులోకి వెళ్లి ఙకారం అవుతుంది. 'వాఙ్మయం' అనే మాటను సరిగ్గా పలికి చూడండి, 'వా' తర్వాత ముక్కులో మోగేదే ఆ ధ్వని. కాబట్టి ఆయన మాఙ్నుస్. ఇంటిపేరులో ఇంకా విచిత్రం ఉంది. నార్వే తూర్పు ప్రాంతపు పలుకుబడిలో ర, ల పక్కపక్కన వస్తే రెండూ కలిసిపోయి నాలుక మడతపడి ళకారం పుడుతుంది. అంటే కాళ్సన్, మన 'కాళ్లు'లో వినబడే ళకారంతోనే. ఇంగ్లీషులో విడి అక్షరాలు లేని ఙ, ళ రెండూ మన అక్షరమాలలో ఉన్నాయి. ఙ అనే అక్షరం ఎందుకు దండగ అనేవాళ్లకు ఈ పేరు చూపించండి.

అలాగని రేపటి నుంచి బోర్డు మీద 'కాళ్సన్' అని రాయమనను. 2013లో చెన్నైలో ఆనంద్‌ను ఓడించి చాంపియన్ అయినప్పటి నుంచీ తెలుగులో కార్ల్‌సన్ అని స్థిరపడిపోయింది. రాతలో దాన్ని కదపకండి. పిల్లలు దిద్దితే మాత్రం నోటితో అసలు ఉచ్చారణ చెప్పి చూపించండి.

నెపోమ్నియాచి పేరు అంత పొడుగ్గా కనిపించడానికి కారణం ఫ్రెంచి పద్ధతి స్పెల్లింగు. చివర గుంపుగా కనబడే అక్షరాలన్నీ కలిపి రష్యన్‌లో ఒకే ఒక్క అక్షరం. దాని ధ్వని మెత్తటి 'శ్శ'. రష్యన్‌లో షకారం వేరు, ఈ శ్శకారం వేరు, రెంటినీ కలిపేస్తే వాళ్లు ఊరుకోరు. 'పో' దగ్గర ఊనిక పెట్టి నిపోమ్నిశ్శీ అనండి. మొదటి పేరు ఇయాన్ కాదు, యాన్. రష్యన్ పేర్లకు ఇంకో రెండు సంగతులు గుర్తుంటే చాలు. చివరి 'వ్' వాళ్ల నోట 'ఫ్' అవుతుంది, ఊనిక లేని ఓకారం అకారం వైపు జారుతుంది. అందుకే మనం కాస్పరోవ్ అనే ఆయన అక్కడ కస్పారఫ్, కార్పోవ్ అక్కడ కార్పఫ్. పాతకాలపు చాంపియన్‌ను అల్యేఖిన్ అనాలి. అల్యోఖిన్ అంటే ఆయనకే గిట్టేది కాదు.

డింగ్ లిరెన్ దగ్గర ఉచ్చారణ కన్నా పేరు వరస ముఖ్యం. చైనావాళ్లకూ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక ఎలాగో డింగ్ లిరెన్ అలాగ. 'లిరెన్' ఇంటిపేరు అనుకుని వాడకండి. ఆ 'డ' నిజానికి మన 'త'కు దగ్గర, 'రెన్' కాస్త 'రన్'లా వినిపిస్తుంది. ఆనంద్ విషయంలో ఇది తిరగబడింది. విశ్వనాథన్ వాళ్ల నాన్న పేరు, ఆయన పేరు ఆనంద్. విదేశీయులు తండ్రి పేరును ముద్దుచేసి 'విషీ' అని పిలుచుకున్నారు, అదే నిలిచిపోయింది. హంపి పేరులో ఇంకో తమాషా ఉంది. చాంపియన్ అన్న మాటలోంచి తీసి పెట్టిన పేరది, విజయనగరపు హంపి కాదు. రష్యన్ పేరులా కనబడాలని వాళ్ల నాన్నగారు తర్వాత ఇంగ్లీషు స్పెల్లింగు మార్చారు. తెలుగులో మాత్రం హంపి హంపిగానే ఉంది.

ఇంగ్లీషు 'జె' కనబడగానే జకారం పెట్టకండి. క్యూబా కాపాబ్లాంకా మొదటి పేరు హొసే, హంగరీ పోల్గార్ యుదిత్, పోలండ్ దూదా యాన్. ఈ దూదా రెండో పేరు చూస్తే ఇంగ్లీషువాళ్లకు చెమటలు పడతాయి గానీ మనకు ఒక్క అక్షరంతో పని తీరుతుంది: క్షిష్తోఫ్. 2021 ప్రపంచ కప్ సెమీఫైనల్లో కార్ల్‌సన్‌ను ఓడించింది ఈయనే. జర్మన్ 'జెడ్' కూడా జకారం కాదు, 'చాప'లో మనం పలికే దంత్య చకారం. మొదటి అధికారిక చాంపియన్ స్టైనిట్స్ పేరు చివర వినబడేది అదే.

మీ టోర్నమెంట్ గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. వరంగల్ అర్జున్ ఇంటిపేరు ఒక పత్రికలో ఎరిగైసి, మరోదాంట్లో ఇరిగేశి. ఇంగ్లీషు అక్షరాల నుంచి వెనక్కి చదివితే జరిగేది ఇదే. మీ దగ్గరికి వచ్చే పిల్లల ఫారాలూ ఇంగ్లీషులోనే ఉంటాయి కదా. పేరు గడి కింద ఇంకో గడి గీసి, తెలుగులో వాళ్ల అమ్మానాన్నలతోనే రాయించుకోండి. మైకు పట్టుకున్నప్పుడు ఆ రెండో గడి చూసి చదవండి.